ఆటలో ఆస్తి, ఆట ఆగాక ఆస్తి

2017లో విశాఖపట్నంలో రెండు కొత్త మాటలు పక్కపక్కనే వినిపించాయి. ఒకటి బ్లాక్‌చెయిన్. అంతకు ముందు ఏడాది చివర్లో మొదలైన ఫిన్‌టెక్ వ్యాలీ పేరుతో ఆ అక్టోబరులో ఇక్కడ అంతర్జాతీయ సదస్సు జరిగింది. భూమి రికార్డులను ఎవరూ గుట్టుచప్పుడు కాకుండా దిద్దలేని చిట్టాలో పెట్టేందుకు స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో రాష్ట్ర ప్రభుత్వం ప్రయోగం తలపెట్టింది. రెండో మాట గేమింగ్. యునెస్కోకు అనుబంధంగా ఢిల్లీలో ఉన్న మహాత్మాగాంధీ విద్యా సంస్థతో కలిసి ఇక్కడ గేమింగ్ కోసం డిజైన్ విశ్వవిద్యాలయం పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. చదువులో డిజిటల్ ఆటల పాత్ర మీద అదే డిసెంబరులో పెద్ద సదస్సు కూడా పెట్టారు. ఆస్తి ఎవరిదో రాసిపెట్టే చిట్టా గురించి ఒక హాల్లో చర్చ, ఆటల గురించి ఇంకో హాల్లో. ఆ రెండూ కలిసింది మాత్రం ఇక్కడ కాదు, కెనడాలోని వాంకూవర్‌లో. ఆ నవంబరు 28న అక్కడి ఒక సంస్థ క్రిప్టోకిట్టీస్ అనే ఆటను విడుదల చేసింది.

బొమ్మ పిల్లులను కొనడం, జతకట్టించడం, పుట్టిన కూనలను అమ్మడం, ఆట అంతే. కానీ ప్రతి పిల్లీ ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ చిట్టాలో ఒక విడి టోకెన్. కంపెనీ సర్వర్‌లో కాకుండా ఆడేవాడి వాలెట్‌లో ఉంటుంది. డిసెంబరు మొదటి వారానికల్లా ఇథీరియం లావాదేవీల్లో పదో వంతుకు పైగా ఈ పిల్లులవే అయ్యాయి. మిగతా లావాదేవీలు వరుసలో ఇరుక్కుపోయాయి. విడి విడి వస్తువులకు సరిపడే ఈఆర్‌సీ-721 ప్రమాణం 2018లో స్థిరపడింది. ఒకే రకం కత్తులూ నాణేలూ వేలల్లో ఉండే ఆటలకు అనువుగా ఈఆర్‌సీ-1155 వెనకే వచ్చింది. ఇథీరియం కుటుంబంలో ఆట చేసేవాళ్లు నేటికీ దాదాపు ఈ రెంటిలో ఒకటే వాడతారు.

విశాఖలో కథ వేరుగా నడిచింది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో లావాదేవీలకు బ్యాంకుల తలుపులు మూయించింది. సుప్రీంకోర్టు 2020 మార్చిలో ఆ ఉత్తర్వును కొట్టేసేదాకా, టోకెన్లతో నడిచే ఆటకు మన రూపాయి చేరే దారి సన్నగిల్లింది. మధ్యలో 2019లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. డిజైన్ విశ్వవిద్యాలయం ప్రతిపాదన దగ్గరే ఆగింది. ఇప్పుడు గాలి మళ్లీ తిరిగింది. ఇన్ఫోసిస్ వచ్చింది, టీసీఎస్‌కు రుషికొండ ఐటీ కొండ మీద స్థలం ఇచ్చారు, 2025 అక్టోబరులో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ డేటా కేంద్రం ప్రకటించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, గీతం, గాయత్రీ విద్యా పరిషత్ కళాశాలల్లో చదివి, హైదరాబాదో బెంగళూరో పోకుండా ఊళ్లోనే గేమ్ చేయాలనుకునే జట్టు ఒకటి రేపు బయల్దేరవచ్చు. ఆటలో సంపాదించిన వస్తువు ఆడినవాడికే చెందాలని ఆ జట్టు అనుకుంటే, గత ఎనిమిదేళ్ల అనుభవం వాళ్లకు ఏం చెబుతోంది?

అసలు ఆ కోరికలో న్యాయం ఉంది. దాన్ని పిచ్చి అనుకోకూడదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో పబ్‌జీ మొబైల్ ఉంది. అక్టోబరు 30 నాటికి మన దేశంలో దాని సర్వర్లు ఆగిపోయాయి. పాకెట్ మనీతో కొన్న స్కిన్లు, నెలల తరబడి ఆడి గెలుచుకున్న దుస్తులు, తుపాకులు అన్నీ ఒక్క పూటలో మాయం. 2021 జులైలో బీజీఎంఐగా ఆట తిరిగొచ్చినప్పుడు పాత ఖాతాలోని వస్తువులను కొత్త దానికి మార్చుకోనిచ్చారు. అది కంపెనీ దయే తప్ప ఆటగాడి హక్కు కాదు. ఫ్రీ ఫైర్ అనే మరో ఆటను 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. పశ్చిమ దేశాల్లోనూ ఇదే బాధ. యూబీసాఫ్ట్ తన 'ది క్రూ' ఆటను 2024 మార్చి 31న మూసేస్తే, డబ్బు పెట్టి డిస్కు కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేకపోయారు. ఆ కోపంలోంచే పుట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం యూరప్‌లో 10 లక్షల సంతకాలు దాటింది. అమ్ముతున్నది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే బొత్తాం పెట్టకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

ఈ బాధకు బ్లాక్‌చెయిన్ మందు అవుతుందా? సగం అవుతుంది. ఆ మిగతా సగం గురించే నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను.

పోర్టు ఊళ్లో ఈ సంగతి వివరించడం తేలిక. ఓడ సరుకు దింపుకోవాలంటే బీఎల్ కావాలి, అంటే బిల్ ఆఫ్ లేడింగ్. అసలు బీఎల్ ఎవరి చేతిలో సక్రమంగా ఉంటే సరుకు వాళ్లది. దాన్ని చేతులు మారిస్తే నడిసముద్రంలో ఉన్న సరుకు కూడా చేతులు మారుతుంది. 1856 నాటి చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం చేసింది. ఆ కాగితానికి అంత విలువ కాగితం వల్ల రాలేదు. ఓడ యజమాని సరుకు అప్పగించి తీరాలని చట్టం, అప్పగించకపోతే కోర్టు, రెండూ దాని వెనక నిలబడ్డాయి. ఆటలో టోకెన్ కూడా అలాంటి కాగితమే, ఒక్క తేడాతో: అప్పగించి తీరాల్సిన ఓడ యజమాని అక్కడ లేడు. కాగితాన్ని ఎవరూ దొంగిలించకుండా, దిద్దకుండా బ్లాక్‌చెయిన్ కాపాడుతుంది. సరుకు ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టలేదు. ఓడల కంపెనీ మేర్స్క్, ఐబీఎం కలిసి 2018లో బ్లాక్‌చెయిన్ మీద నడిపిన ట్రేడ్‌లెన్స్ 2023 మొదట్లో మూతపడటానికి కూడా సాంకేతికత కారణం కాదు. ఆ వ్యాపారంలోని మిగతావాళ్లంతా ఒక పోటీదారుడి చిట్టాలోకి రావడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోవడమే ముఖ్య కారణం.

టోకెన్ మిగిలి సరుకు దక్కకపోవడం ఊహ కాదనడానికి ఎఫ్1 డెల్టా టైమ్ చాలు. ఫార్ములా వన్ లైసెన్సుతో యానిమోకా బ్రాండ్స్ చేసిన ఆ రేసింగ్ ఆటలో ఒక కారు టోకెన్ 2019లో లక్ష డాలర్లకు పైగా పలికింది. 2022 మార్చిలో లైసెన్సు ముగిసింది, ఆట ఆగింది. టోకెన్ మాత్రం చిట్టాలో చెక్కుచెదరలేదు. దాన్ని ఎక్కించడానికి రోడ్డే లేదు. కంపెనీ వేరే ఆటల్లో బదులు వస్తువులు ఇస్తామంది. అదీ మళ్లీ కంపెనీ మంచితనం మీద ఆధారపడ్డదే. పబ్‌జీ విషయంలోనూ అంతే అయ్యేది. స్కిన్ టోకెన్‌గా ఉన్నా, నిషేధం తర్వాత ఆ చొక్కా వేసుకుని తిరిగే మైదానం ఉండేది కాదు.

ఇచ్చినవాడు నిలబడితేనే కాగితానికి విలువ అన్న సంగతి విశాఖకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్లవాళ్లకు ఉద్యోగం ఇస్తామన్న హామీతో ఆర్-కార్డులు ఇచ్చారు. ఉద్యోగం రాక ఆ కార్డు పట్టుకుని తిరుగుతున్న కుటుంబాలు గాజువాక చుట్టుపక్కల నేటికీ ఉన్నాయి. కార్డు నకిలీది కాదు, పేరు తప్పు కాదు, ముద్ర చెరగలేదు. భూమి పోయినవాడి నష్టానికీ ఆటలో కత్తి పోయినవాడి నష్టానికీ పోలిక పెట్టడం లేదు. కానీ హక్కుపత్రం ఎంత పదిలంగా ఉందన్నది ఒక ప్రశ్న, దాన్ని చెల్లించే బాధ్యత ఎవరి మీద ఎంత గట్టిగా ఉందన్నది ఇంకో ప్రశ్న. బ్లాక్‌చెయిన్ గేములు చేసినవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్నకు కోట్లు ఖర్చుపెట్టి, రెండోదాన్ని వదిలేశారు.

మూడో ప్రశ్న డబ్బుది. దాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ మంది దెబ్బతిన్నది అక్కడే. వియత్నాంకు చెందిన స్కై మావిస్ చేసిన యాక్సీ ఇన్ఫినిటీలో ఆట మొదలుపెట్టాలంటే మూడు యాక్సీ జీవులు కొనాల్సి వచ్చేది. ఆడి గెలిస్తే ఎస్‌ఎల్‌పీ అనే టోకెన్ వచ్చేది, అది బజారులో అమ్ముడయ్యేది. కోవిడ్ కాలంలో పని పోయిన ఫిలిప్పీన్స్ కుటుంబాలకు 2021లో అది జీతమైంది. జీవులు కొనే స్తోమత లేనివాళ్లకు ఉన్నవాళ్లు 'స్కాలర్‌షిప్' పేరుతో అద్దెకిచ్చి రాబడిలో వాటా తీసుకున్నారు. కౌలుదారీ తిరిగి పుట్టినట్టే. రోజూ లక్షలమంది ఆడుతుంటే కొత్త ఎస్‌ఎల్‌పీ పుడుతూనే ఉండేది. అది ఖర్చయ్యే ముఖ్యమైన చోటు మాత్రం ఒక్కటే, కొత్త జీవులను పుట్టించడం. కొత్త జీవులు ఎవరికి కావాలి? కొత్తగా చేరేవాళ్లకు. అంటే పాతవాళ్ల రాబడి కొత్తవాళ్ల ప్రవేశరుసుములోంచి వచ్చింది. చేరేవాళ్లు తగ్గగానే, 2021 జులైలో 35 సెంట్లు దాటిన ఎస్‌ఎల్‌పీ మరుసటి ఏడాదికి ఒక్క సెంటు కూడా చేయలేదు. సరిగ్గా ఆ పతనం నడుమ, 2022 మార్చి 23న, ఆ ఆట బ్లాక్‌చెయిన్‌కూ ఇథీరియంకూ మధ్య డబ్బు చేరవేసే రోనిన్ వంతెనను దొంగలు కొల్లగొట్టారు. తొమ్మిది తాళంచెవుల్లో ఐదు చేతికి చిక్కితే చాలు. నాలుగు ఒకే సంస్థ దగ్గర ఉన్నాయి, ఐదోదానికి కూడా ఆ సంస్థ దారినే చేరుకున్నారు. 60 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. పోయిందని తెలియడానికి ఆరు రోజులు పట్టింది. ఉత్తర కొరియా లాజరస్ ముఠా పని అని అమెరికా ఎఫ్‌బీఐ తేల్చింది.

ఆటలోకి డబ్బు వస్తే ఆటకేమవుతుందో బ్లాక్‌చెయిన్‌కు ముందే తెలిసినవాళ్లున్నారు. బ్లిజార్డ్ తన డయాబ్లో-3లో 2012లో నిజమైన డబ్బుతో వేలంశాల పెట్టి, 2014 మార్చిలో తనే మూసేసింది. రాక్షసులను చంపి ఆయుధం గెలుచుకోవడమే ఆ ఆటలో ఆనందం. బజార్లో కొనుక్కుంటే చాలనుకున్నాక చంపే పనేముంది? కౌంటర్ స్ట్రైక్ స్కిన్లకు పదేళ్లుగా పెద్ద బజారు ఉంది. అక్కడ బ్లాక్‌చెయిన్ లేదు. 2025 అక్టోబరులో ఆ ఆట చేసిన వాల్వ్ ఒక చిన్న నియమం మార్చగానే అరుదైన కత్తుల ధరలు కుప్పకూలాయి. అదే వాల్వ్ 2021లోనే తన ఆటల దుకాణం స్టీమ్ నుంచి బ్లాక్‌చెయిన్ ఆటలను పంపేసింది. 2022 జులైలో మైన్‌క్రాఫ్ట్ సంస్థ కూడా ఎన్ఎఫ్‌టీలకు, అంటే ఇలాంటి విడి టోకెన్లకు, చోటు లేదని ప్రకటించింది. ఒకరికి ఉండి మరొకరికి లేకపోవడమే విలువగా మారితే, అందరూ కలిసి కట్టుకునే ఆట దెబ్బతింటుందన్నది వాళ్ల వాదన. ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది. కరెంటు ఖర్చు గురించిన పాత అభ్యంతరం మాత్రం 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మార్చుకున్నాక చాలావరకు తీరిపోయింది.

ఇక మన చట్టం. పేకాటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న ప్రశ్న దేశానికి తేల్చిపెట్టిందే తెలుగునేల. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. ఆ గొడుగు కింద అర్ధశతాబ్దం గడిచింది. ఆ గొడుగును ముందు మడిచిందీ తెలుగు రాష్ట్రాలే. 2017లో తెలంగాణ, 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ అదే మాట చెప్పింది. నైపుణ్యమా అదృష్టమా అన్నది ఇక లెక్కలోకి రాదు. డబ్బో, డబ్బుతో సమానమైన పణమో పెట్టి, తిరిగి లాభం వస్తుందని ఆడితే అది నిషిద్ధమైన మనీ గేమ్. ఆ 'పణం'లో క్రెడిట్లు, నాణేలు, టోకెన్లు, వస్తువులు, నిజమైనవైనా వర్చువల్‌వైనా, చేరతాయి. ఆట నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ శిక్ష ఉంది, ఆడినవాడికి లేదు. ఈ చట్టం చెల్లుతుందా అన్న వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.

దీని అర్థం స్పష్టం. యాక్సీ తరహా, అంటే కొని చేరి ఆడి సంపాదించే ఆట, మన దేశంలో పెట్టడం జైలుకు దారి. ఆన్‌లైన్ సోషల్ గేమ్‌కు మాత్రం చోటుంది. చందా తీసుకోవచ్చు, ఒకసారి ప్రవేశరుసుము తీసుకోవచ్చు, అది పందెం కాకూడదు. ఆటగాడి వస్తువు ఆ చోట ఇమడాలంటే ఆట ఫలితానికీ డబ్బుకూ మధ్య తీగ తెగి ఉండాలి.

పన్ను సంగతి తెలిశాక చాలామందికి ఉత్సాహం తగ్గుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఎన్ఎఫ్‌టీలతో సహా వర్చువల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. జులై నుంచి బదిలీ విలువ మీద 1 శాతం టీడీఎస్. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేయడానికి లేదు. ఒక కుర్రాడు కవచం అమ్మి 5,000 రూపాయలు సంపాదించి, పడవ అమ్మి 5,000 పోగొట్టుకుంటే వాడి చేతికి మిగిలింది సున్నా, పన్ను మాత్రం 1,500. వస్తువుకు వస్తువు మార్చుకున్నా అది బదిలీయే. ఇంత లెక్క తలకెత్తుకుని ఏ పిల్లవాడైనా ఎందుకు ఆడతాడు? పైగా ఆటలోనే కంపెనీ బజారు నడిపితే, ఆటగాళ్ల టోకెన్లను తన దగ్గర భద్రపరిస్తే, 2023 మార్చి నాటి నోటిఫికేషన్‌తో మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికీ రావచ్చు.

ఇన్ని గోడల నడుమ కూడా చేయదగిన ఆట ఉందని నా నమ్మకం. అయితే దాని ప్రణాళిక టోకెన్‌తో మొదలు కాకూడదు. ఉదాహరణకు మన పోర్టునే ఆటగా చేద్దాం. లోపలి హార్బర్, బయటి హార్బర్, డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఓడను లోనికి తెచ్చే పైలట్, టగ్గులు, బెర్తు కోసం వరుస, రైలు వ్యాగన్లలో దిగే ఇనుప ఖనిజం, ఉక్కు కర్మాగారానికి వెళ్లే కోకింగ్ బొగ్గు. ఇందులో బ్లాక్‌చెయిన్ మాటే లేకుండా ఒక ఆట చేసి, వంద మందికిచ్చి, నెల తర్వాత కూడా తెరుస్తున్నారో లేదో చూడాలి. తెరవకపోతే టోకెన్ దాన్ని బతికించదు. తెరిస్తే, ఆటగాడికి ఏది సొంతం కావాలన్న ప్రశ్న అప్పుడు వేయాలి. బొగ్గు, డీజిలు, రోజువారీ నాణేలు సర్వర్‌లో మామూలు డేటాబేస్‌లోనే ఉండాలి. అవి పుడుతూ ఖర్చవుతూ ఉంటాయి, వాటి ధరలు సరిదిద్దే స్వేచ్ఛ డిజైనర్‌కు ఉండాలి. ఓడ గమనం, ఢీకొనడం, గెలుపోటములు తేల్చడం కూడా సర్వర్ పనే. క్షణానికి పదిసార్లు మారేదాన్ని చిట్టాకు ఎక్కించడం వృథా. చిట్టాకు తగినవి కొన్నే: ఆటగాడు తన చేత్తో తీర్చిదిద్దిన టగ్గు, తొలి ఏడాది ఆడినవాడి పతాకం, తను గీసిన బెర్తు నమూనా. అంటే అరుదుగా మారేవి, జ్ఞాపకం ఉన్నవి.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది సాంకేతికం కంటే మానవ సమస్య. మామూలు వాలెట్ తెరిస్తే 12 మాటలు రాసిపెట్టుకోమంటుంది. అవి పోతే ఆస్తి పోయినట్టే. ఆ మాటలు బీఐపీ-39 అనే 2,048 పదాల జాబితాలోనివి. ఇంగ్లీషు, జపనీస్, కొరియన్, ఫ్రెంచి, చెక్ లాంటి భాషల్లో జాబితాలున్నాయి, మన భాషలు ఒక్కటీ లేవు. కంచరపాలెంలో పదో తరగతి చదివే పిల్లవాడు, అదీ ఇంట్లో అందరూ వాడే ఫోనులో, దీన్ని కాపాడుకుంటాడనుకోవడం తప్పు. తాళంచెవిని కంపెనీయే ఉంచుకుంటే దొంగలకు ఒకేచోట అంతా దొరుకుతుంది. 2024 జులైలో క్రిప్టో ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్ నుంచి ఒక్కసారే 23 కోట్ల డాలర్ల దాకా పోయిన సంగతి మనకు తెలుసు. మధ్యేమార్గం ఉంది. ఈఆర్‌సీ-4337 పద్ధతిలో, ఫోను పోతే ఆటగాడు ముందే పేరు రాసిన అమ్మానాన్నలో స్నేహితుడో ఒప్పుకుంటే ఖాతా తిరిగొచ్చేలా చేయవచ్చు. చిట్టాకు ఎక్కించడానికి కట్టే గ్యాస్ ఫీజును కంపెనీ భరించవచ్చు. ముగ్గురు భారతీయులు మొదలుపెట్టిన పాలిగాన్ లాంటి బ్లాక్‌చెయిన్ల మీద ఆ ఫీజు పైసల్లోనే ఉంటుంది.

ఇంకో జాగ్రత్త, చిట్టాలో రాసింది చెరగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి, అడిగితే వివరాలు తుడిచేయాలి. కాబట్టి పేరు, ఫోను నంబరు, ఊరు ఏదీ టోకెన్‌తో ముడిపెట్టకూడదు. బొమ్మల విషయంలో మరోటి. ప్రముఖుల పేర్లు, క్రికెటర్ల గణాంకాలు వాడటంపై, వాళ్ల ఎన్ఎఫ్‌టీ కార్డులు అమ్మే రారియో సంస్థ వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, అందరికీ తెలిసిన సమాచారం మీద, ఎన్ఎఫ్‌టీ సాంకేతికత మీద ఎవరికీ గుత్తహక్కు లేదంది. అలాగని సినిమా హీరో బొమ్మ వేసుకోవచ్చని కాదు. ఎఫ్1 డెల్టా టైమ్‌ను ముంచింది అరువు తెచ్చుకున్న పేరే. సొంత బొమ్మలు, సొంత పేర్లు ఉన్న ఆటకు ఆ ప్రమాదం లేదు.

అన్నిటికన్నా ముందు రాయాల్సిన పత్రం ఆట మూతపడే రోజు గురించినది. టోకెన్‌లో ఉండేది చాలాసార్లు ఒక చిరునామా మాత్రమే. బొమ్మ, త్రీడీ నమూనా కంపెనీ సర్వర్‌లో ఉంటే, అద్దె కట్టడం మానేసిన నెలలోనే మాయమవుతాయి. వాటిని ఎవరైనా దాచుకోగలిగే చోట, ఎవరైనా తెరవగల ఫార్మాట్‌లో ముందే పెట్టాలి. బెర్తులు, టగ్గులు తిరిగే ఒక చిన్న ఆఫ్‌లైన్ పోర్టును మొదటి నుంచీ తయారుచేసి ఉంచాలి. సర్వర్లు ఆపితే ఆరు నెలల ముందు చెబుతామని, ఆగాక సర్వర్ కోడు ఆటగాళ్లకు విడుదల చేస్తామని నిబంధనల్లో తెలుగులో రాయాలి. కోడును మూడో మనిషి దగ్గర పెట్టి, కంపెనీ దివాలా తీసినా ఆ షరతు నడిచేలా ఒప్పందం చేసుకోవాలి. టోకెన్‌ను నడిపే కోడు, అంటే స్మార్ట్ కాంట్రాక్టు, ఆడిట్ కోసం కేటాయించే డబ్బులో కొంత ఈ పనికి మళ్లించాలి. అప్పుడే ఆ టోకెన్ వెనక బీఎల్‌కు ఉన్నలాంటి బాధ్యత కొంతైనా నిలబడుతుంది. నేను చూసినంతలో బ్లాక్‌చెయిన్ ఆటల ప్రచార పత్రాల్లో టోకెన్ల పంపిణీకి పేజీలకు పేజీలు ఉంటాయి, ఈ మాటకు ఒక్క పేరా ఉండదు.

ఇవన్నీ చేయడానికి బ్లాక్‌చెయిన్ తప్పనిసరా అంటే కాదు. ఆఫ్‌లైన్ ఆట, కోడు విడుదల షరతు, తన వస్తువులను ఫైలుగా దించుకునే బొత్తాం మామూలు గేమ్‌లో కూడా పెట్టవచ్చు, అవి పెడితేనే పబ్‌జీ పిల్లల బాధ చాలావరకు తీరుతుంది. చిట్టా అదనంగా ఇచ్చేది ఒక్కటే: ఈ టగ్గు మొదట ఎవరు చేశారు, ఎవరి నుంచి ఎవరికి వెళ్లింది అన్నది కంపెనీ మాట మీద ఆధారపడకుండా నిరూపించుకోవడం. అమ్మకం లేకుండా కానుకగా మాత్రమే చేతులు మారే టోకెన్ 2025 చట్టంలోని పణం కిందికి వస్తుందా రాదా అన్నదానికి రాతపూర్వకమైన న్యాయ సలహా తీసుకున్నాకే ఆ అడుగు వేయాలి. పోర్టు ఆట రెండేళ్లు నడిచి, ఆటగాళ్లే అది కావాలని అడిగాక టోకెన్లు జోడించినా సాంకేతికంగా వచ్చే ఇబ్బందేమీ లేదు. వస్తువులకు విడి గుర్తింపు సంఖ్యలు మొదటి రోజు నుంచే డేటాబేస్‌లో ఇచ్చి ఉంచితే చాలు.